ప్రొడక్షన్ నంబర్ ఏడు

మా ఇంట్లోకి వెళ్లడానికి నేను రిజిస్టరులో సంతకం పెట్టవలసి వచ్చింది. పేరు, ఎవరి కోసం వచ్చారు, వారికి ఏమవుతారు, లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం, వెళ్లేటప్పుడు ఎందరు. సెక్యూరిటీ మనిషి నా సంచి తెరిపించి, మనవరాలి కోసం తెచ్చిన కజ్జికాయల డబ్బా మూత తీసి, ఒకటి విరిచి లోపల చూశాడు. కొబ్బరి ఉంది. "ఏమనుకోకమ్మా, అందరియి గిట్లనే చూస్తం" అన్నాడు. ఆ గేటు మా నాన్నగారు మద్రాసు నుంచి లారీలో తెప్పించినది. ఆ సంగతి అతనితో చెప్పలేదు. చెప్పినా రిజిస్టరులో అందుకు గడి లేదు.

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బండను చుట్టి కట్టిన ఇల్లు మాది. బండను పగలగొట్టించమని మేస్త్రీ అంటే, ముందు వచ్చింది అది, తర్వాత వచ్చింది మనం అని నాన్నగారు ఒప్పుకోలేదట. మా చేతుల్లోంచి పోయాక ఆ ఇల్లు కొన్నాళ్లు చీరల దుకాణం, కొన్నాళ్లు పసిపిల్లల బడి, కొన్నాళ్లు కాఫీ హోటలు అయింది. ఇప్పుడు మందూ మత్తూ మానాలనుకునే కుర్రకారు నెలల తరబడి ఉండే చోటు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి అక్కడా ఇక్కడా విచారించి, మంచి పేరున్న కేంద్రమని చిరునామా పంపినప్పుడు నేను అది రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచాను. ఇది మనిల్లే అని అనలేదు. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా అని మాత్రం అనుకున్నాను. మనవరాలు చేరి నెల కావస్తున్నా నేను వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

మనవరాలి పేరు చైత్ర. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ గదిలో అసిస్టెంటు. రెండేళ్లుగా వెంగళరావు నగర్‌లో నా ఫ్లాట్‌లోనే ఉంటోంది. సినిమా విడుదల ముందు వారాల తరబడి నిద్ర ఉండదు కాబట్టి మెలకువకు మాత్రలు, పని అయ్యాక నిద్రకు గంజాయి, మధ్యలో మందు. నేను బల్ల మీద వేలితో రుద్ది దుమ్ము కనిపెట్టే మనిషిని. అయినా దాని తలనొప్పి అంటే తలనొప్పేనని రెండేళ్లు నమ్మాను. తెలిశాక బంధువులందరికీ అది మైసూరులో ఏదో కోర్సు చేయడానికి వెళ్లిందని చెప్పాను. ఎవరూ నన్ను చెప్పమనలేదు. నా అంతట నాకే నోట్లోంచి వచ్చింది. మైసూరు ఎలా తోచిందో కూడా తెలియదు.

శనివారం ఉదయం చైత్ర ఫోన్ చేసింది. "వచ్చి తీసుకెళ్లు అమ్మమ్మా" అంది. ఇంటివాళ్లు వచ్చి సంతకం పెడితే పంపించేస్తారట. అందుకని వెళ్లాను.

వాళ్లు నన్ను కూర్చోబెట్టింది మా భోజనాల గదిలో. ఎనిమిది మంది పట్టే రోజ్‌వుడ్ బల్ల ఉండేచోట గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో ఎలా కూర్చున్నా వీపు వెనక్కి ఆనుతుంది. మా ఇంట్లో జబ్బు మనుషులు తప్ప ఎవరూ వీపు ఆన్చి కూర్చునేవారు కాదు. నేను ముందు అంచు మీద కూర్చున్నాను. వంటగది తలుపుకు ఒక నల్ల పలక మేకుకు వేలాడుతోంది. దాని మీద సుద్దతో "ఉల్లిపాయలు – చైత్ర, గిన్నెలు – ఫయాజ్, తోట – రోహిత్" అని రాసి ఉంది. పలక పైన చారల చెక్క, కింద సీను, షాటు, టేకు అని తెల్ల రంగుతో గీసిన గళ్లు. అన్నిటికీ పైన, సగం చెరిగిన అక్షరాల్లో: ప్రొడక్షన్ నం. 7.

ఆ కేంద్రం చూసుకునే మల్లేశ్ నా చూపు గమనించాడు. ఒకప్పుడు షూటింగులకు జనరేటర్ బండి నడిపేవాడట, తనూ తాగి తాగి మానినవాడేనట. "స్టోర్‌ల దొరికిందమ్మా. క్లాప్ బోర్డు. మంచి టేకు చెక్క, పారేయబుద్ధి కాలే. పెయ్యిల పానమున్నంత కాలం పని చేస్తది" అన్నాడు. పానం అతనిదో పలకదో నేను అడగలేదు. ఆ పలకను నేను చివరిసారి చూసింది ఈ ఇంటి పూజగది ముందు.

మా నాన్నగారు ఆరు సినిమాలు తీశారు. మొదటి మూడూ ఆడాయి. తర్వాతి మూడింటి గురించి మా ఇంట్లో మాట్లాడేవాళ్లం కాదు. మాట్లాడకపోవడమే మా ఇంటి పద్ధతి. ఉదయం ఆరింటికి సాంబ్రాణి పొగ, ఆరున్నరకు వెండి గ్లాసుల్లో కాఫీ, ఏడింటికి బండ మీద నాయనమ్మ ఆరబెట్టిన వడియాల వాసన. ఎనిమిదింటికి ఇస్త్రీ పంచెలో నాన్నగారు వసారాలోకి వచ్చి కూర్చుంటే, కథలు చెప్పేవాళ్లు, పాటలు రాసేవాళ్లు, వేషాలు అడిగేవాళ్లు వరసగా వచ్చేవారు. ఎవరొచ్చినా ముందు కాఫీ. కాఫీ ఇవ్వకుండా మా గేటు దాటి ఎవర్నీ పంపలేదని నాయనమ్మ ఊరంతటికీ చెప్పుకునేది. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నన్నూ, నాకంటే రెండేళ్లు చిన్నవాడైన రవినీ పెంచింది నాయనమ్మే.

రవి ఇరవై రెండేళ్లకే పొద్దున్నే తాగేవాడు. ఈ వాక్యం ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "చిన్నబాబుకి నలతగా ఉంది" అనేవాళ్లం. వంటావిడ అలాగే అనేది, తోటమాలి అలాగే అనేవాడు. ఒకసారి రవి మెట్ల మీంచి పడి నుదురు చిట్లితే, వచ్చిన డాక్టరుగారికి కూడా నలత వల్ల పడ్డాడనే చెప్పాం. ఆయన మా ఇంటి కాఫీ తాగిన మనిషి. నలతకే మందు రాసిచ్చి వెళ్లారు. రవి మాత్రం మంచం మీంచి నన్ను చూసి నవ్వి, "అక్కా, నా నలత మూత తీస్తే వాసనొస్తుందే" అన్నాడు. వాడు మాట్లాడితే నవ్వకుండా ఉండటం కష్టం. నేను నవ్వకుండా ఉండేదాన్ని.

చివరికి నాన్నగారే ఒకరోజు భోజనాల దగ్గర, చారు పోసుకుంటూ, "రవి మానేస్తాడు" అన్నారు. ఏం మానేస్తాడో చెప్పలేదు. "మంచి పని. ముహూర్తం పెట్టించరా మరి" అంది నాయనమ్మ. మాకు అందులో వింతేమీ కనపడలేదు. బోరు వేయడానికీ, కారు కొనడానికీ, పాట రికార్డింగుకీ ముహూర్తం పెట్టే ఇంట్లో ఒక మనిషి బతుకు మారడానికి పెట్టకపోతే తప్పు కదా. శ్రీనగర్ కాలనీ నుంచి సిద్ధాంతిగారు వచ్చి, పంచాంగం చూసి, శుక్ర మూఢం నడుస్తోందనీ, ఇంకా ముప్ఫై అయిదు రోజులు కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదనీ చెప్పారు. మూఢంలో మానితే మానడం నిలవదన్నారు.

అంటే ఆ ముప్ఫై అయిదు రోజులూ రవి తాగాలి. బయట తాగితే పరువు తక్కువ. అందుకని నాన్నగారు అల్మరాలో సీసాలు పెట్టించి, తాళం చెవి నాకిచ్చారు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం దీపం పెట్టకముందు ఒకసారి, వెండి పళ్లెంలో గ్లాసూ సోడా పెట్టి నేనే మేడ మీద గదికి తీసుకెళ్లేదాన్ని. నాయనమ్మ పక్కన వేయించిన జీడిపప్పు పెట్టించేది. మద్యం పాపమని మొదట శాసించింది ఆ శుక్రాచార్యుడేనని పురాణాలు చదివిన నాయనమ్మకు బాగా తెలుసు. అయినా మూఢం మూఢమే. రవి పళ్లెం అందుకుంటూ, "నవగ్రహాల్లో ఈయనొక్కడే అక్కా నా పార్టీ" అనేవాడు. నాలుగో వారానికి రెండు సార్లు మూడయ్యాయి, మూడు ఎన్నయ్యాయో నాకే తెలియాలి, తాళం చెవి నా దగ్గరే ఉంది కాబట్టి.

డ్రైవర్ యాదగిరి ఒక్కడే నన్ను అడిగాడు. కారు తుడుస్తూ, నా మొహం చూడకుండా, "తప్పుగ అనుకోకున్రి అమ్మా. మానెటందుకు ముహూర్తమేంది? ఇయ్యాల దవాఖానకు తీస్కపోదాం. నేను పెద్దయ్యకు చెప్పన్నా?" అన్నాడు. "పెద్దవాళ్ల విషయాలు నీకెందుకు యాదగిరీ" అన్నాను. "మా అన్న గిట్లనే పాయె. అందుకనన్న" అని మళ్లీ అద్దం తుడిచాడు. నాకప్పుడు ఇరవై నాలుగు. పెద్దవాళ్ల విషయమని అన్నప్పుడు ఆ పెద్దవాళ్లలో నన్ను కూడా కలుపుకున్నాను.

మూఢం వెళ్లిన మూడో రోజున ముహూర్తం. నాన్నగారికి ముహూర్తమంటే ఒకటే పద్ధతి తెలుసు. పూజగది ముందు పందిరి, బంతిపూలు, పటాలకు దండలు, అద్దెకు తెచ్చిన కెమెరా, కొత్త క్లాప్ బోర్డు. పిలవకపోతే బాగుండదని కొందరిని పిలిచారు. పిలిచాక ఎందుకు పిలిచామో చెప్పలేం కాబట్టి కొత్త సినిమా అన్నారు. రవిని హీరోగా పరిచయం చేస్తున్నారా అని వాళ్లే అడిగారు. నాన్నగారు ఒక్క క్షణం ఆగి, అవునన్నారు. తను హీరో అయిన సంగతి రవికి పట్టుపంచె కట్టుకుంటుండగా తెలిసింది. "హీరోయిన్ ఎవరో కూడా చెప్పండి, నేనూ రెడీ అవుతా" అన్నాడు.

దేవుడి ముందు వాడు చెప్పవలసిన మాటలు మా కంపెనీ రచయిత రాశాడు. "ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని. వెనక్కి తిరిగి చూడను." ఆయనకూ అసలు సంగతి తెలియదు. పొద్దుటి నుంచి అల్మరా తెరవలేదు. రవి మొహం మీద చెమటలు కారుతున్నాయి, హారతి పళ్లెం పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఎవరో క్లాప్ కొట్టారు, ఎవరో కెమెరా స్విచ్ నొక్కారు. వాడు తడబడకుండా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతుల వణుకు చాలా సహజంగా ఉందని విజయవాడ డిస్ట్రిబ్యూటరు నాన్నగారి భుజం తట్టాడు. మొదటి టేకే ఓకే అయింది. ఓకే కాకుంటే చాలా చెడ్డ శకునం. ముహూర్తపు షాటుకు రెండో టేకు తీయరని సినిమా వాళ్లందరికీ తెలుసు. తర్వాత పులిహోర, బొబ్బట్లు, కాఫీ.

అయిదు రోజులు రవి ఏం పడ్డాడో నేను చూశాను. రాయను. డాక్టరును పిలవలేదు, పిలిస్తే కారణం చెప్పాలి. ఆరో రోజు వాడు గోడ దూకి వెళ్లి తాగి వచ్చాడు. నాన్నగారు కోప్పడలేదు, చెయ్యి చేసుకోలేదు. వసారాలో నిటారుగా కూర్చుని, "ముహూర్తం పాడైంది" అన్నారు. ఆగిపోయిన సినిమాల గురించి ఆయన అనే మాటే అది, అదే గొంతు. ఆ వారంలోనే రవి శ్రీనగర్ కాలనీలో స్నేహితుడి గదికి మారాడు. ప్రొడక్షన్ నంబర్ ఏడు ఏమైందని ఆ తర్వాత ఏళ్ల తరబడి అడిగేవారు. కథ మీద పని జరుగుతోందని నాన్నగారు చెప్పేవారు.

కొన్ని నెలల తర్వాత, ఒక ఉదయం, నాన్నగారూ నేనూ వసారాలో ఉన్నాం. యాదగిరి గేటు దగ్గర నుంచి దాదాపు పరుగున వచ్చాడు. "చిన్నబాబు వచ్చిండయ్యా. ముట్టక పదకొండు దినాలాయెనంట. ముహూర్తం గిహూర్తం ఏం లేకుండనే. అక్కతోని ఒక్కమాట చెప్పి పోతడంట." నాన్నగారు పేపరు మడవలేదు. "ఇప్పుడు కాదు" అన్నారు. గేటు బయట రవి నన్ను చూశాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. రెండు చేతులూ ఎత్తి పది వేళ్లు చూపించి, దించి, మళ్లీ ఒక వేలు చూపించాడు. చిన్నప్పుడు పరీక్షలో మార్కులు అలాగే చూపించేవాడు. వసారా నుంచి గేటుకు నలభై అడుగులు. నేను వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునే ఉన్నాను. కాఫీ తాగకుండా మా గేటు దగ్గర నుంచి వెళ్లిపోయిన మనిషి వాడొక్కడే. "పదకొండు దినాలంటే మాటలు కాదమ్మా" అన్నాడు యాదగిరి ఆ సాయంత్రం, కారు తలుపు తీస్తూ.

రెండేళ్లకు రవి పోయాడు. స్వల్ప అస్వస్థత అని పేపర్లో వేయించాం.

ఇదంతా గుర్తు చేసుకోవడానికి నేను ఆ కేంద్రానికి వెళ్లలేదు. చైత్రను తీసుకురావడానికి వెళ్లాను. అది సంచి సర్దుకునే వచ్చి నా పక్కన కూర్చుంది. చిక్కింది, కానీ కళ్లు తేటగా ఉన్నాయి. "ఆ ఫామ్ మీద సైన్ పెట్టేయ్ అమ్మమ్మా, వెళ్దాం" అంది.

"ఏమైంది?"

"మొన్న ఔటింగ్ ఇచ్చారు. ఫ్రెండ్ బర్త్‌డే. తాగాను. ఇరవై ఆరు రోజులూ వేస్ట్. ఇప్పుడు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలంట. నావల్ల కాదు." కజ్జికాయ ఒకటి తీసుకుని కొరికి, "మైసూర్ కోర్స్ అయిపోయిందని చెప్పేయ్ అందరికీ. కావాలంటే సర్టిఫికెట్ డిజైన్ చేసిస్తా. నాకు ఫోటోషాప్ వచ్చు" అంది.

మల్లేశ్ ఫామ్ తెచ్చి నా ముందు పెట్టాడు. "తాళాలేసి కూసోబెట్టెటోళ్లం కాదమ్మా. పోతనంటే పంపిస్తం. కని ఇంటోళ్ల మీటింగుంది, జర సేపు కూర్చొని పొండ్రి. పెన్ను కూడ నేనే ఇస్త" అన్నాడు. అప్పటికే పదిమంది తల్లులూ తండ్రులూ వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరు పేరు చెప్పి, తమ పిల్ల గురించో పిల్లాడి గురించో చెబుతున్నారు. బోయినపల్లి నుంచి వచ్చిన ఒకాయన కొడుకు కోసం ఏడ్చి, మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నాడు. అంతమంది ముందు, పేరు చెప్పి మరీ. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఆ మనిషికి మాత్రం ఏమీ కాలేదు. పక్కాయన మంచినీళ్ల సీసా అందిస్తే తాగాడు.

నా వంతు వచ్చింది. చెప్పడానికి ఏమీ లేదనాలనే అనుకున్నాను. ఎదురుగా పలక. "ఇది మా భోజనాల గది" అన్నాను. అందరూ నా వైపు చూశారు. మతి తప్పిందనుకుని ఉంటారు. "మా తమ్ముడు తాగేవాడు" అన్నాను. అరవై ఆరేళ్లలో ఆ వాక్యం నా నోట్లోంచి రావడం అదే మొదలు. చిన్న వాక్యం. తర్వాత పళ్లెం గురించి, ముహూర్తం గురించి, దాని ఒక్క టేకు గురించి, ఆరో రోజు గురించి, గేటు గురించి చెప్పాను. నేను దిగి వెళ్లలేదని చెప్పాను. గదిలో ఎవరూ అయ్యో అనలేదు. బోయినపల్లి ఆయన నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

చైత్ర సగం కజ్జికాయ చేతిలో పట్టుకుని, "నీకు తమ్ముడున్నాడా?" అంది.

వాళ్లమ్మకూ తెలియదు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. అంత బాగా చేశాం ఆ పని.

మీటింగు అయిపోయాక కుర్చీలు ఖాళీ అయినా మేమిద్దరం లేవలేదు. ఫామ్ నా ఒళ్లోనే ఉంది. "నువ్వు గేటు దాకా వెళ్లుంటే ఆయన బతికేవాడా?" అని అడిగింది. దాని ప్రశ్నలు ఎప్పుడూ అంతే, ఎడిటింగ్ చేసేవాళ్లకు మధ్యలో ముక్కలు అక్కర్లేదు.

"తెలీదు. బతికేవాడని నేను చెప్పను. కాఫీ తాగేవాడు."

చైత్ర చేతిలోని సగం కజ్జికాయ తిరిగి డబ్బాలో పెట్టింది. తర్వాత, "పదకొండు రోజులు. డాక్టరూ లేకుండా, ఎవరూ లేకుండా" అంది. "దట్స్ నాట్ ఈజీ అమ్మమ్మా. నాకు తెలుసు."

"నీవి ఇరవై ఆరు. వాడికంటే పదిహేను ఎక్కువ. వేస్ట్ అంటే నేను ఒప్పుకోను."

"తాగేశాను కదా మరి."

"తాగావు. విన్నాను."

మల్లేశ్ వంటగది గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "ముహూర్తపు షాటుకు ఒక్కటే టేకంటరా అమ్మా? మా లైట్ డిపార్ట్‌మెంటోళ్లకు గా సంగతి ఎవ్వలు చెప్పలే. నాకు ఏడు టేకులైనయి, ఎనిమిదోది ఓకే అయింది" అని సుద్దముక్క చైత్ర ముందు పెట్టి లోపలికి పోయాడు.

అప్పటికంటే ఇప్పుడు అన్నీ మేలని నేను అనను. ఆ రోజు అక్కడ పెట్టిన కాఫీ కాఫీ కాదు. మా బండ మీద ఎవరివో లుంగీలు ఆరేసి ఉన్నాయి. మా నాన్నగారికి కొడుకు మీద ప్రేమ లేదనే మాట ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. వాడి కోసం ఆయన పందిరి వేయించారు, పట్టుపంచె తెప్పించారు, చేతనైనంత పెద్దగా చేశారు. వాడి పక్కన ఒక గంట ఉత్తినే కూర్చోవచ్చని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. తోచినా ముహూర్తం చూసేవాళ్లమేమో.

చైత్ర లేచి పలక దగ్గరికి వెళ్లింది. ఉల్లిపాయల పక్కన తన పేరు అలాగే ఉంది. దాన్ని తుడవలేదు. కింద టేకు అని ఉన్న గడిలో, ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ రాయని గడిలో, 2 వేసింది. వేసి, వెనక్కి తిరిగి నన్ను చూడకుండా, "వచ్చే శనివారం నీ మోకాళ్లు బాగుంటాయా?" అంది.

"బాగుంటాయి."

"అయితే ఉల్లిపాయలు నువ్వు తరుగు. నాకు కళ్లు మండుతున్నాయి."

ఫామ్ ఖాళీగానే మల్లేశ్‌కు తిరిగి ఇచ్చాను. వసారా దిగి గేటు దాకా నడిచాను. మధ్యలో మోటారు సైకిళ్లు పెట్టారు కాబట్టి చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది, లేకపోతే ఇప్పటికీ నలభై అడుగులే. రిజిస్టరులో బయటికి వెళ్లిన సమయం రాశాను. వెళ్లేటప్పుడు ఎందరు అన్న గడిలో ఒకరు అని రాసి సంతకం పెట్టాను.